పావు గుంట కోత, మండలమంతటి లెక్క

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీరు పంటల లెక్కల్లోనే కదా సర్వీసంతా గడిపింది, ఈ మధ్య పేపర్లలో రాస్తున్న ప్రెసిషన్ అగ్రికల్చర్ అంటే ఏమిటో మనవాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పండి" అని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. దీన్ని కొందరు సూక్ష్మ సేద్యం అని రాస్తున్నారు. ఆ మాట బిందుసేద్యానికి, తుంపర సేద్యానికి ఎప్పుడో స్థిరపడిపోయింది కనుక నేను దీన్ని కచ్చిత సేద్యం అంటాను. పేరేదైనా విషయం ఒక్కటే. ఒక చేనంతా ఒకే చేను కాదు, దానిలో నాలుగైదు చేలు దాగి ఉంటాయి, వాటిని విడదీసి, కొలిచి, ఎక్కడ ఏది అవసరమో అక్కడ అది వెయ్యాలి. ఇందులో మొదటి మెట్టు దిగుబడి పటం. ఈ రోజు ఆ ఒక్క మెట్టు గురించే మాట్లాడతాను.

మన టేకుమట్లనే తీసుకుందాం. ఒక పక్క మానేరు, ఇంకో పక్క చలివాగు. వాగు ఒడ్డు పొలాల్లో ఒండ్రు. కొంచెం ఇవతలికొస్తే నల్లరేగడి. మెరక మీదికెక్కితే ఎర్ర చెల్క, ఇంకా పైన గరుసు, మొరం. మధ్యమధ్య దుబ్బ నేలలు. కాలువ నీళ్ళు, బావి నీళ్ళు జాలు పట్టే పల్లంలో చౌడు. ఇవన్నీ విడివిడి ఊళ్ళలో ఉన్నాయనుకుంటే పొరపాటు. వెలిశాలలోనో గర్మిళ్ళపల్లిలోనో ఒకే సర్వే నంబరులో, ఒకే రైతు మూడెకరాల్లో ఇందులో రెండు మూడు రకాలు తగలవచ్చు. నాగలి పట్టిన వాడికి ఇది కొత్త సంగతి కాదు. "గా మూల ఎడ్లు కుంటుపడ్తయి, గీ మూల గుంటుక పరుగెత్తుతది" అని మన ఇళ్ళల్లో పెద్దలు అనేవారు. ట్రాక్టరొచ్చాక ఆ తేడా కాళ్ళకు తెలియడం లేదు.

ఇక్కడున్న వారిలో రెవెన్యూలో పనిచేసిన వారు చాలామందే ఉన్నారు. నేల తేడాను కాగితం మీద పెట్టడం మొన్నమొన్న అమెరికా వాళ్ళు కనిపెట్టిందని వారు అనుకోరని నా నమ్మకం. బొంబాయి రాజ్యంలో గోల్డ్‌స్మిడ్, వింగేట్ అనే ఇద్దరు అధికారులు 1830ల నుంచి భూమి శిస్తు పద్ధతిని రూపొందించారు. 1847 నాటి జాయింట్ రిపోర్టులో దాన్ని స్థిరపరిచారు. ఆ పద్ధతిలో ప్రతి సర్వే నంబరును పటం మీద గళ్ళుగా విభజించేవారు. ఒక్కొక్క గడిలో గునపం దింపి మట్టి లోతు ఎన్ని మూరలో చూసేవారు. రంగు, లోతు చూసి తరగతి నిర్ణయించేవారు. ఇసుక కలిసిందా, సున్నపు గుండ్లున్నాయా, వాలు ఎక్కువా, వరదకు కొట్టుకుపోతుందా, నీరు నిలుస్తుందా అని చూసి ఒక్కొక్క దోషానికి తరగతి తగ్గించేవారు. మొత్తం తొమ్మిది తరగతులు, విలువ అణాల్లో. పదహారణాల నేల మొదటిది. సాలార్ జంగ్ హయాములో నిజాం రాజ్యం కూడా ఈ బొంబాయి పద్ధతినే అనుసరించింది. మన సేత్వార్లు, టిప్పన్లు ఆ కాలపు సర్వే సంతానమే.

అంటే నేల పటం మనకుంది. కాకపోతే దాన్ని వేసింది శిస్తు కోసం. ఒకసారి శిస్తు కట్టాక ఆ గళ్ళను మడిచి బీరువాలో పెట్టారు, సర్వే నంబరుకు ఒకే తరగతి, ఒకే రేటు మిగిలింది. గళ్ళు పోయి సగటు మిగిలిందన్న మాట. ఈ సగటు సంగతే ఈ రోజు నా అసలు విషయం.

పంట సంగతికొస్తే, పూర్వం దిగుబడి లెక్క కూడా అణాల్లోనే ఉండేది. పట్వారీ గారు గెట్టు మీద నిలబడి చూసి "ఈ ఏడు పదణాల పంట" అని రాస్తే అదే లెక్క. కరువు మాఫీ రావాలంటే ఆరణాలు, శిస్తు వసూలు కావాలంటే పన్నెండణాలు. ఆయన కంటికి అనుభవం లేదని నేననను. ఆ కంటి మీద పై నుంచీ కింది నుంచీ ఒత్తిడి ఉండేది, అదీ చిక్కు. 1920లలో బీహార్-ఒరిస్సా రాష్ట్రంలో హబ్బక్ అనే ఐ.సి.ఎస్. అధికారి వరి పొలాల్లో చిన్న చిన్న ముక్కలు యాదృచ్ఛికంగా ఎంచి, కోసి, తూచి చూశాడు. ఆ దారిలో బెంగాల్‌లో మహలనోబిస్ గారు, ఆ తరువాత భారత వ్యవసాయ పరిశోధనా మండలిలో సుఖాత్మే గారు దేశానికంతటికీ పనికొచ్చే పద్ధతిని తయారు చేశారు. ముక్క ఎంత ఉండాలన్న దాని మీద ఆ ఇద్దరు పెద్దలకూ గట్టి వాదమే నడిచింది. చిన్న ముక్క అయితే గీత మీద పడ్డ మొక్కలను లోపలికే లాక్కునే గుణం కోసేవాడి చేతిలో ఉంటుంది కనుక దిగుబడి ఎక్కువ కనిపిస్తుందని సుఖాత్మే గారి వాదం. చేత్తో కోసి చూసిన వాడిగా నేను ఆయన పక్షమే.

మేము చేసిన పంట కోత ప్రయోగం ఆ వంశంలోదే. కుటుంబ సభ్యుల్లో చాలామంది చూసి ఉండరు కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఏ ఊరు, ఏ సర్వే నంబరు అన్నది ముందే చీటీ వేసినట్టుగా యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో తేలుతుంది. పొలానికి వెళ్ళి నైరుతి మూల నిలబడాలి. పొడవు, వెడల్పు కొలవాలి. మళ్ళీ పట్టిక చూసి రెండు అంకెలు తీసి, పొడవున ఇన్ని అడుగులు, వెడల్పున ఇన్ని అడుగులు నడిచి, ఆగిన చోట మేకు కొట్టాలి. అక్కడి నుంచి వరికి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చతురం. మూల నుంచి మూలకు టేపు పట్టి ఏడు మీటర్ల ఏడు సెంటీమీటర్లు వచ్చిందో లేదో చూస్తే చతురం సరిగా ఉందో లేదో తెలుస్తుంది. తాడు కట్టి, లోపలిది కోసి, కొట్టి, తూర్పారబట్టి, తూచాలి. పచ్చి గింజ తూకం ఒకటి, ఎండిన తరువాత తూకం ఇంకొకటి.

కోతకు దిగామంటే రైతు పక్కనే ఉండేవాడు. "సారూ, గీ బక్క మూల ఎందుకు గోస్తున్నరు, గా నడుమ మంచిగున్నది గద" అని ఒకరు. బీమా వచ్చాక మాట తిరగబడింది. "గా నడుమ ఎందుకు సారూ, గీ మూలకు రారాదుండ్రి" అని ఇంకొకరు. ఇద్దరికీ ఒకటే జవాబు: "పెద్దయ్యా, చీటీ ఎక్కడ చెబితే అక్కడే." ఈ రెండు మాటల్లో మీరు గమనించవలసింది ఒకటుంది. పొలంలో బక్క మూల ఏదో, మంచి నడుమ ఏదో ఆ రైతుకు చెయ్యి చాపి చూపించేంత స్పష్టంగా తెలుసు. మా ఫారంలో అది రాయడానికి గడి లేదు.

ఇరవై ఐదు చదరపు మీటర్లు అంటే ఎంతో మన కొలతలో చూడండి. గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే 101 చదరపు మీటర్లు. అంటే మేము కోసేది పావు గుంట. అందులో 15 కిలోల వడ్లు వస్తే ఎకరానికి 24 క్వింటాళ్ళ పైచిలుకు. ఈ పావు గుంటలు కొన్ని కలిపి, సగటు తీసి, మొత్తం మండలానికి దిగుబడి ఇంత అని ప్రకటిస్తారు. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల్లో మండలం యూనిట్ అయితే పంటకు పది కోతలు, గ్రామ పంచాయతీ యూనిట్ అయితే నాలుగు. పది పావు గుంటలంటే రెండున్నర గుంటలు. రెండున్నర గుంటలు కోసి వేల ఎకరాలకు లెక్క చెప్పడం మోసం కాదా అని మా అబ్బాయే ఒకసారి అడిగాడు. కాదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తినం, నాలుగు మెతుకులు పట్టి చూస్తాం. బాగా కలియబెట్టి, ఎక్కడ పడితే అక్కడ తీసిన మెతుకు సగటు విషయంలో అబద్ధం చెప్పదు.

కాని ఒక షరతు. కుండ ఒకటే కావాలి. రెండు పొయ్యిల మీద రెండు కుండలుండి, ఒక దాంట్లో అన్నం మెత్తబడి, ఇంకో దాంట్లో బియ్యం పలుకుగా ఉంటే, రెండింటి మెతుకులు కలిపి "సగటున ఉడికింది" అంటే ఆ అన్నం ఎవరు తింటారు?

ఇది మాటల చమత్కారం కాదు, డబ్బుతో ముడిపడిన విషయం. పంటల బీమా మన దేశంలో 1985లో సమగ్ర పంటల బీమా పేర, 1999లో జాతీయ వ్యవసాయ బీమా పేర, 2016లో ఫసల్ బీమా పేర వచ్చింది. మూడింటికీ పునాది ఒకటే: యూనిట్ సగటు. వడగళ్ళు, ముంపు వంటి వాటికి విడి పొలం చూసే ఏర్పాటు ఉన్నా, మామూలు నష్టానికి యూనిట్ సగటు హామీ దిగుబడి కన్నా తగ్గితేనే అందరికీ పరిహారం, తగ్గకపోతే ఎవరికీ లేదు. ఉదాహరణకు ఒక యూనిట్‌లో సగం రేగడి, సగం చెల్క అనుకోండి. మామూలు ఏడు రేగడిలో ఎకరానికి 24 క్వింటాళ్ళు, చెల్కలో 20. సగటు 22. హామీ దిగుబడి 20 అనుకుందాం. ఒక ఏడు వానలు నడుమ నెల రోజులు ఎండగట్టాయి. రేగడి తేమ పట్టుకుని ఉంది, ఎండ బాగా కాసింది కనుక 27 వచ్చింది. చెల్క మాడి 14కు పడింది. సగటు ఇరవైన్నర. హామీ దాటింది. లెక్క ప్రకారం ఆ యూనిట్‌లో నష్టపోయిన వాడే లేడు. చెల్క రైతు ఇంట్లో మాత్రం ఎకరానికి ఆరు క్వింటాళ్ళ బొక్క. అప్పు తెచ్చి ప్రీమియం కట్టిన వాడు, మిగతా అప్పు ఎట్లా తీర్చాలో తెలియక కూర్చుంటాడు. 1997-98 పత్తి సీజనులో ఓరుగల్లు జిల్లా ఏం చూసిందో ఈ హాల్లో ఉన్న వారికి నేను గుర్తు చెయ్యనక్కరలేదు. దానికి పురుగు, మందులు, వడ్డీ అన్నీ కారణాలే. బక్క నేల మీద లోతు నేల ఖర్చు పెట్టడం కూడా రైతును ముంచే దారుల్లో ఒకటని నా అభిప్రాయం.

2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలొచ్చాయి. చిట్యాల మండలంలో ఉన్న మన టేకుమట్ల మండలమై జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. మండలం చిన్నదైతే సగటు కొంత దగ్గరికొస్తుంది, నిజమే. అయినా చెల్క, రేగడి మండల సరిహద్దు చూసుకుని విడిపోవు కదా! తెలంగాణ 2020 వానాకాలం నుంచి ఫసల్ బీమాలో నుంచి తప్పుకుంది, తిరిగి చేరుతామని 2024లో ప్రకటించింది. ఏ బీమా వచ్చినా ఈ చిక్కు మాత్రం దాని వెంటే వస్తుంది.

ఒకే చేనులో తేడా ఎంత ఉండగలదు? ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ పరిశోధనా క్షేత్రంలో 1910లో మెర్సర్, హాల్ అనే శాస్త్రజ్ఞులు చూడటానికి ఒకే తీరుగా ఉన్న ఎకరం గోధుమ చేను ఎంచుకున్నారు. ఒకే విత్తనం, ఒకే ఎరువు, ఒకే సాగు. దాన్ని 500 ముక్కలుగా కోసి, విడివిడిగా నూర్చి తూచారు. ఒక ముక్క అంటే మన గుంటలో పన్నెండో వంతుకు కాస్త తక్కువ. అతి తక్కువ వచ్చిన ముక్కలో 2.73 పౌన్లు, అతి ఎక్కువ వచ్చిన దానిలో 5.16 పౌన్లు. అంటే ఒకటికి దాదాపు రెండింతలు. కంటికి చాప పరచినట్టున్న చేనులోనే ఇంత తేడా ఉంటే, చెల్క రేగడి కలిసిన మన చేలల్లో ఎంత ఉంటుందో ఊహించుకోండి.

ఆ 500 ముక్కల పనిని ఇప్పుడు యంత్రం చేస్తున్నది. 1992లో అమెరికాలోని అయోవాలో అల్ మయర్స్ అనే ఇంజనీరు కోత మిషనుకు బిగించే దిగుబడి కొలత పెట్టెను బజారులోకి తెచ్చాడు. మిషనులో శుభ్రమైన గింజలు పైకెక్కి ట్యాంకులో పడే చోట ఒక పలక ఉంటుంది. గింజలు దాన్ని ఎంత బలంగా తాకితే అంత ధాన్యం వస్తున్నట్టు. దానికి గింజ తేమ, మిషను వేగం, కోత వెడల్పు కలిపి సెకను సెకనుకూ ఎకరానికి ఎంతో లెక్క కడుతుంది. ఏ చోట అన్నది ఉపగ్రహం చెబుతుంది. జి.పి.ఎస్. సంకేతాన్ని అమెరికా సైన్యం మొదట్లో కావాలనే మసకబార్చి పౌరులకు వదిలేది. అప్పుడు వంద మీటర్ల దాకా తప్పు వచ్చేది. వంద మీటర్ల చతురమంటే రెండున్నర ఎకరాలు. మన రైతుకు తన చేనో పక్కవాడి చేనో కూడా తెలియదు. 2000 మే నెలలో ఆ మసక తీసేశారు.

ఇందులో నాకు నచ్చిన చిన్న కిటుకు ఒకటి చెబుతాను. కోసిన కంకి నుంచి గింజ ఊడి పలక దాకా చేరడానికి పది పన్నెండు సెకన్లు పడుతుంది. ఆ లోపల మిషను ముందుకు పోయి ఉంటుంది. కనుక ఇప్పుడు పలక తాకిన గింజ ఇక్కడిది కాదు, వెనకటి చోటిది. ఆ మేరకు పటాన్ని వెనక్కి జరపాలి. జరపకపోతే చౌడు మూలలో మంచి పంట, మంచి మూలలో చౌడు కనిపిస్తుంది. కొలత పెట్టెను కాంటా మీద తూచిన బండి ధాన్యంతో సరి చూసుకోవాలి కూడా. తూకం రాయి సరి చూడకుండా తూచినట్టే అవుతుంది లేకపోతే.

మన ఊళ్ళకు వచ్చే కోత మిషన్ల మీద నేను ఈ పెట్టెను చూడలేదు. గంటకింత అని కిరాయి, ఇవాళ ఒక ఊరు, రేపు ఒక ఊరు. ముప్ఫై గుంటల మడిలో నాలుగు మలుపులు తిరగడమే సరిపోతుంది. అమెరికా వాడి వందల ఎకరాల పద్ధతిని ఉన్నదున్నట్టు మన మీద పెట్టుకోవడం వల్ల లాభం లేదు.

మనకు దగ్గరగా వచ్చింది ఆకాశం నుంచి చూసే పద్ధతి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, ఇప్పుడు సెంటర్ అంటున్నారు, ఈ పనికి మన ఇల్లే. 1988 మార్చిలో పంపిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహంలో ఒక కెమెరా బొమ్మలో ఒక్క చుక్క 72 మీటర్ల పైచిలుకు చతురం. అంటే ఎకరం పన్నెండు గుంటలకు ఒకటే రంగు. మన వాళ్ళ భూమి చాలాసార్లు ఆ చుక్కలో ఒక మూల. 2015లో, 2017లో యూరప్ వాళ్ళు పంపిన సెంటినెల్-2 జంట ఉపగ్రహాల్లో ఒక్క చుక్క పది మీటర్ల చతురం. వంద చదరపు మీటర్లు. అంటే, ఎవరో మన కోసమే కొలిచినట్టు, దాదాపు ఒక గుంట! ఐదు రోజులకొకసారి బొమ్మ, పైసా లేకుండా ఎవరికైనా ఇస్తారు. ఎకరానికి నలభై చుక్కలు, నలభై గుంటలు.

పచ్చటి ఆకు ఎర్ర వెలుతురును మింగి, మన కంటికి కనపడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడా చూసి ఏ గుంటలో పచ్చదనం ఎంతో లెక్క కడతారు. ఫసల్ బీమాలో కూడా 2023 నుంచి వరి, గోధుమలకు దిగుబడి లెక్కలో కనీసం 30 శాతం బరువు ఇట్లాంటి సాంకేతిక అంచనాకు ఇవ్వాలని నియమం తెచ్చారు.

అయితే ఇది పచ్చదనాన్ని కొలుస్తుంది, గింజను కాదు. పొట్ట దశలో బ్రహ్మాండంగా ఉన్న చేనును సుడిదోమ వారంలో పడగొడుతుంది. తాలు ఎంతో ఉపగ్రహానికి తెలియదు, చేట పట్టిన ఆడవాళ్ళకు తెలుస్తుంది. వానాకాలంలో మబ్బు అడ్డం, అప్పుడు మబ్బును చీల్చుకుని చూసే రాడార్ బొమ్మలు కావాలి. గెట్టు మీది చెట్టు, గెట్టు అవతలి చేను ఒకే చుక్కలో కలుస్తాయి. కనుక ఆకాశం బొమ్మకు కూడా కింద ఎవరో ఒకరు పావు గుంట కోసి సరి చూడక తప్పదు. మా పాత పని పోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకొక హెచ్చరిక. ఒక్క ఏటి పటాన్ని నమ్ముకుని నేల గుణం తేల్చకూడదు. వాన తక్కువైన ఏడు రేగడి గెలుస్తుంది, చెల్క ఓడుతుంది. అతివృష్టి ఏడు రేగడిలో నీళ్ళు నిలిచి పత్తి ఎర్రబడి చస్తుంది, వాలు మీది చెల్క నీరు వదిలి బతికిపోతుంది. మొదటి ఏడు పటం, రెండో ఏడు పటం పక్కపక్కన పెడితే ఒకటి తలకిందులు చేసినట్టుంటుంది. కనీసం మూడు నాలుగు ఏళ్ళ పటాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. అన్ని ఏళ్ళూ బక్కగా ఉన్న చోటే నిజంగా బక్క నేల, అన్ని ఏళ్ళూ బాగున్న చోటే నిజంగా బలమైన నేల. మిగిలింది వానను బట్టి మారేది, దానికి వేరే ఆలోచన.

మన ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని కాదు. 2015 ఫిబ్రవరిలో భూసార కార్డుల పథకం వచ్చింది. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధారం చోట పది హెక్టార్లకు ఒక నమూనా. పది హెక్టార్లంటే ఇరవై ఐదు ఎకరాలు, దాదాపు వెయ్యి గుంటలకు ఒక చిప్పెడు మన్ను. రాష్ట్రంలో సగటు కమతం 2015-16 లెక్కల ప్రకారం ఒక్క హెక్టారే. అంటే పది మంది రైతులకు ఒకే మన్ను. కార్డు అబద్ధమని కాదు, అదీ ఒక సగటే. 2015లోనే మొదలైన మిషన్ కాకతీయలో చెరువు పూడిక మట్టి మన చెల్కల్లోకి తోలుకున్నారు. మట్టి పడ్డ చోట చెల్క తేమ పట్టడం నేర్చింది, పడని చోట నేర్వలేదు. ఏ గుంటలో ఎన్ని ట్రిప్పులు పోశారో ఆ ఇంటి వాళ్ళకే తెలుసు, ఏ కార్డులోనూ లేదు. పటాన్‌చెరువులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్ర నేల, నల్ల నేల రెండూ ఒకే ఆవరణలో ఉండటం ఆ సంస్థకు పెద్ద వసతి. టేకుమట్ల రైతుకు అది మూడెకరాల్లోనే ఉంది.

అందుకని నేను మనవి చేసేది ఏమంటే, మనలో చాలామందికి ఊళ్ళో రెండో మూడో ఎకరాలున్నాయి. కొందరు చేయించుకుంటున్నారు, ఎక్కువమంది కౌలుకిచ్చారు. పిల్లలు హైదరాబాదులో, ఇంకా దూరదేశాల్లో. ఈ వచ్చే యాసంగి కోతలప్పుడు ఒక పని చెయ్యండి. తెల్ల కాగితం మీద మీ పొలం గీయండి. పక్కన కౌలుదారును, వీలైతే ఆయన భార్యను కూర్చోబెట్టుకోండి. కలుపు తీసిన మనిషికి ప్రతి మూలా తెలుస్తుంది. చెల్క ఎక్కడిదాకా, రేగడి ఎక్కడి నుంచి, చౌడు ఏ మూల, పూడిక మట్టి ఎక్కడ పోశారు, గీత గీయండి. ఒక్కొక్క నేలలో చీటీ వేసి చోటు ఎంచి పావు గుంట తాడు కట్టండి. మంచి చోటు చూసుకుని కట్టారో, పని చెడినట్టే. మిషను రాకముందే ఆ పావు గుంట కొడవలితో కోయించి, విడిగా కొట్టించి తూచండి. వచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరం దిగుబడి. పత్తికి పది మీటర్ల చతురం, అంటే గుంట, మేకులు కొట్టి ఉంచి ఏరిన ప్రతిసారీ తూకం రాసి చివర కలపండి. దీనికి కావలసింది టేపు, తాడు, తూకం, ఒక నోటుబుక్కు.

మట్టి పరీక్షకు పంపేటప్పుడు కూడా ఎకరానికి ఎనిమిది పది చోట్ల జానెడు లోతున 'వి' ఆకారపు గుంత తీసి మన్ను కలపండి, కాని చెల్క మన్ను రేగడి మన్నుతో కలపకండి. వేర్వేరు సంచులు, వేర్వేరు చీటీలు. గెట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తియ్యకండి.

ఇంత చేస్తే ఏమొస్తుందంటారా? దుబ్బ నేలలో యూరియా ఒకేసారి వేస్తే నీటితో పాటు కిందికి దిగిపోతుంది, అక్కడ అదే మోతాదు నాలుగు దఫాలుగా వెయ్యాలి. చౌడు మూలలో వేసిన యూరియా గాలిలో కలుస్తుంది. ఆ మూలకు ముందు మట్టి పరీక్ష, తరువాత జిప్సం, జాలు పోయే కాలువ కావాలి, ఇంకో బస్తా కాదు. వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొచ్చిన భాగానికి ఎకరానికి 20 కిలోల లెక్కన జింక్ సల్ఫేట్ చాలు, పొలమంతా చల్లనక్కరలేదు. నాలుగేళ్ళూ ఏడెనిమిది క్వింటాళ్ళు దాటని వరి మొరం మూల ఉంటే అక్కడ వరి మానుకుని కందికో పశుగ్రాసానికో వదిలెయ్యవచ్చు. ఆ మూల మీద పెట్టే పెట్టుబడి మిగిలితే అదే ఆదాయం.

కౌలు సంగతి కూడా ఇందులోనే ఉంది, చేదుగా ఉన్నా చెబుతాను. మనం ఎకరానికి ఇంత అని ఒకే కౌలు తీసుకుంటాం. మూడెకరాల్లో ముప్పాతిక ఎకరం చౌడు, గరుసు అయితే దాని మీద కూడా అదే రేటు. ఆ ముప్పాతిక ఎకరం కౌలును కౌలుదారు మిగతా రెండుంబావు ఎకరాల పంటలోంచి కడుతున్నాడు. నెల తిరగ్గానే పింఛను వచ్చే వాళ్ళం మనం, ఆయనకు ఆ నికరం లేదు. మీ పటంలో బక్కగా తేలిన భాగానికి కౌలు తగ్గించమని అడగడం ఆయనకు కష్టం, తగ్గించడం మనకు కష్టం కాదు.

నేను నా వంతు చెల్క, రేగడి కలిసిన చేనులో మూడు చోట్ల తాడు కట్టిస్తున్నాను. మీరూ కోసి తూచిన లెక్కలు, కాగితం మీద గీసిన పటం వచ్చే సమావేశానికి తీసుకురండి. పది మందివి కలిపితే మన టేకుమట్లలో చెల్కకు ఎంత, రేగడికి ఎంత అన్న విడి లెక్క మొదటిసారి మన చేతుల్లో ఉంటుంది. వ్యవసాయాధికారి గారిని కూడా పిలిచి ఆయన ముందు పెడదాం. టేపు లేని వాళ్ళు నా దగ్గరిది తీసుకెళ్ళవచ్చు, ముప్ఫై మీటర్లది, ఇంకా గట్టిగానే ఉంది.